ముప్పై ఏడు ముడుల తాడు

మొన్న మా ఆడపడుచు వస్తూ వస్తూ ఓ చిన్న గాజు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఈమధ్య నాకు రక్తపోటు వచ్చిందనీ, అది అలాంటిలాంటి పోటు కాదనీ, డాక్టరుగారు నా జబ్బకి పట్టీ చుట్టి గాలి కొట్టేసరికి గొట్టంలో పాదరసం సర్రున లేచి పైకప్పుకి తగిలిందనీ, పక్కగదిలో మంచం పట్టిన ముసలాయన ఉలిక్కిపడి లేచి నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాడనీ నేనే ఆవిడకి ఫోన్లో చెప్పాను. "పొద్దున్నే చిటికెడు నీళ్ళలో కలుపుకో వదినా, వేరు మందు, మహా మంచిది" అంది. సీసా మీద సర్పగంధి చూర్ణం అని రాసుంది. పక్కన ఓ పువ్వు బొమ్మ వేశారు. అది సర్పగంధి పువ్వు కాదు, ఏ పెళ్ళి శుభలేఖ మీంచో కత్తిరించి అంటించిన గులాబీ.

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. వాసన లేదు. బూడిదా కాదు, పసుపూ కాదు, ఆ రెంటికీ మధ్య ఎక్కడో రంగు తేలిపోయిన పొడి. ఎంత పీల్చినా ఏ వాసనా లేదు. అందుకే గుర్తుపట్టాను. మా నాన్న కొట్లో ఉన్న లక్షా తొంభై సరుకుల్లో వాసన లేనిది అదొక్కటే. నాలిక చివర రవ్వంత వేసుకున్నాను. ఆ చేదు నాలిక మీంచి గొంతులోకి దిగి, అక్కడ ఆగకుండా నలభై ఏళ్ళు వెనక్కి నడిచి, టైడా కొండల మధ్య ఓ లోవలోకి వెళ్ళి కూచుంది.

కథలోకి వెళ్ళే ముందు ఒక మాట. నన్నెరిగినవాళ్ళకి చెప్పనక్కర్లేదు గానీ, కొత్తవాళ్ళకి చెప్పాలి కదా. నేను ఏది చెప్పినా కాస్త ఊది చెబుతాను. ఎలకని చూస్తే పిల్లంటాను, పిల్లిని చూస్తే పులంటాను, పులిని చూసినవాణ్ణి చూస్తే ఆ పులి నన్నే పేరు పెట్టి పిలిచిందంటాను. ఇది పుట్టుకతో వచ్చిన గుణం. మా ఇంట్లో అందరూ నా మాటలో మూడొంతులు తీసేసి, మిగిలిన పావువంతు మాత్రమే నమ్ముతారు. మీరూ అలాగే చదువుకోండి. ఎక్కడ తీసెయ్యకూడదో నేనే చెబుతాను.

మా నాన్నది పార్వతీపురం. ముగ్గురన్నదమ్ములకి ఒక్క కిరాణా కొట్టు చాలక, ఆఖరివాడైన నాన్న నా పుట్టుకకి ముందే మా అమ్మని వెంటబెట్టుకుని, రైలెక్కి, టైడా స్టేషన్లో దిగి, అక్కడికి కోసెడు దూరంలో వారం వారం సంత జరిగే చిన్న ఊళ్ళో పెంకుటిల్లు కట్టి కొట్టు పెట్టాడు. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు, మధ్యలో గోనెసంచులు. నేను నడక నేర్చింది ఆ సంచుల మీదే. చింతపండు సంచి పుల్లటి వాసన, కరక్కాయల సంచి వగరు వాసన, పిప్పళ్ళ సంచి దగ్గరికెళ్తే తుమ్ములు, పైనించి వేలాడే ఎండుచేపల దండలు, మూల కిరసనాయిలు డబ్బా, పొగాకు కట్టలు, ఉప్పు గాబు, బెల్లం చుట్టూ కందిరీగలు. ఇన్ని వాసనలూ కలిసి మా బట్టల్లోకీ, జుట్టులోకీ, అన్నంలోకీ దిగిపోయి, సెలవులకి పార్వతీపురం వెళ్తే మేము వీధి మలుపు తిరక్కముందే మా పెదనాన్న "తమ్ముడొచ్చాడు, గిన్నెలో బియ్యం పెంచండి" అని లోపలికి కేకేసేవాడు.

ఆ కొండల్లో కాలాలు మనిషిని అడిగి రావు. వాన మొదలైతే నెలల తరబడి వానే. తడిబట్టలు కుంపటి మీద ఆరబెట్టి అమ్మ నాకు పొగ వాసనతో సహా తొడిగేది. గోడలకి నాచు, గొడుక్కి నాచు, కాస్త కదలకుండా కూచుంటే మా నాన్న బొజ్జకీ నాచు. జలగలు పొట్లకాయలంత ఉండేవి. వాన తగ్గాక కొండవాలంతా వలిసెపూలు పూసేవి. ఆ పసుప్పచ్చని చూసి చూసి కళ్ళు మూసుకున్నా లోపల పసుప్పచ్చగానే కనపడేది. ఆ వెనకాలే చలి. కొబ్బరినూనె సీసాలో గడ్డకడితే అమ్మ నా తలకి నూనె రాయడానికి ఉలీ సుత్తీ పట్టుకునేది. చలిలో పొయ్యి చుట్టూ చేరి కాల్చుకు తిన్న పనసపిక్కలు, పొగలు కక్కే చోడంబలి, వెదురు కొమ్ముల కూర, సామల అన్నంలో ఎండుచేప పులుసు. ఇప్పుడు తలుచుకుంటే రక్తపోటు సంగతి ఎలా ఉన్నా నోట్లో నీళ్ళు మాత్రం పోటెత్తుతున్నాయి. రోజుకోసారి రైలు వచ్చేది. సొరంగంలో దూరి, అవతల తేలి, మళ్ళీ ఇంకో సొరంగంలో దూరి, దాగుడుమూతలు ఆడుకుంటూ వచ్చేది. మేం పిల్లలం గట్టు మీద కూచుని, సొరంగంలోకి వెళ్ళిన పెట్టెలూ బైటికొచ్చిన పెట్టెలూ సరిపోయాయో లేదో లెక్కపెట్టేవాళ్ళం. ఓసారి ఒక పెట్టె తక్కువొచ్చిందని, దాన్ని కొండ తినేసిందని నేను ఊరంతా టముకేశాను. నలుగురు పెద్దమనుషులు లాంతర్లు పట్టుకుని బయల్దేరబోతే మా నాన్న వాళ్ళ కాళ్ళకి అడ్డం పడ్డాడు.

ఈ రాజ్యానికి రాణి సుక్రి మామ్మ. మా వెనక కొండ మీది గూడెం ఆవిడది. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రి. వయసెంతని అడిగితే "ఈ కొండ పుట్టినప్పుడు నాను పక్కూరెల్లినాను, అంచేత సూడ్నేదు" అనేది. మా అమ్మ మొదటి పురిటికి మంత్రసాని ఆవిడే. అంటే నన్ను ఈ లోకంలోకి లాగిన చెయ్యి అదే. చుట్ట కాల్చేది, అదీ అడ్డపొగ. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, ఆ నోటితోనే మాట్లాడుతూ, తిడుతూ, నవ్వుతూ నడిచేది. నేనైతే ఆవిడ కడుపులో రైలింజను ఉందనే నమ్మేదాన్ని. దసరాకి అమ్మ బూరెలు చేసి పంపిస్తే, పైపొర విప్పి కుక్కకి పెట్టి, లోపలి పూర్ణం తను తిని, "మీ అమ్మ మంచిదే గానీ తిండికి సొక్కా తొడుగుతాదేటే" అనేది.

ఆవిడ చేత నేను మొదటిసారి మాట పడింది మామిడికాయ దగ్గర. ఆ గూడేల్లో మామిడి కొత్త అయ్యేదాకా ఎవరూ కాయ ముట్టరు. ఓ రోజు ఎంచుకుని, అమ్మవారికి పెట్టి, అందరూ కలిసి కొత్త తిన్నాకే పిల్లలైనా నోట పెట్టాలి. చెట్టు విరగకాసి నెత్తిమీద రాలినా సరే, అప్పటిదాకా మామిడికాయ రాయితో సమానం. నేను ఆ రాయికి ఉప్పూ కారం అద్దుకుని, సంత మధ్యన బండెక్కి కూచుని, గూడెం పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే కరకరా తింటున్నాను. సుక్రి మామ్మ వచ్చి నిలబడింది.

"ఒలే సావుకారి గుంటా, ఏటే తింతన్నావు?"

"మావిడికాయ."

"కొత్త అవనేదు కదే!"

"మాకు కొత్తేటి మామ్మా? మాది కొట్టు."

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. అలా తీయడం నేనదే చూడ్డం. "అవునే, మీ సావుకారోల్లకి కొత్తా నేదు, పాతా నేదు. సేతికందితే నోట్లోకే" అని, మళ్ళీ చుట్ట పెట్టుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. పులుపు వల్లో ఏమో, ఆ సాయంత్రం నా పళ్ళన్నీ గుల్లలైపోయి గాలికి ఊగాయి.

ఆ ఏడు శ్రావణంలో నాకు తమ్ముడు పుట్టాడు. తొమ్మిది రోజులున్నాడు. దీంట్లో నేను ఊదడానికేమీ లేదు.

తర్వాత అమ్మకి నిద్ర పోయింది. కంటి మీద కునుకు లేదు, నోట్లో మాట లేదు. పెరటి గుమ్మంలో కూచుని వానని చూసేది. కళ్ళు ఎర్రగా, పెద్దగా, రెప్ప వెయ్యడం మర్చిపోయినట్టు ఉండేవి. నా జడ వేస్తూ వేస్తూ ఆగిపోయేది. నేను సగం జడతో బడికెళ్ళేదాన్ని. నాన్న కొండ కిందనుంచి డాక్టర్ని పిలిపించాడు, మాత్రలు తెప్పించాడు, మొక్కులు మొక్కాడు. అమ్మ మాత్రం చిక్కిపోతూ వచ్చింది. వీధిలో ఆడవాళ్ళు నా ముందే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళు. గొంతు తగ్గించి మాట్లాడుకునేవన్నీ పిల్లలకి బాగా వినపడతాయి. "మతి తప్పీసినాదమ్మా, ఇంక మనిసి కాదు" అన్న మాట నాకు అలాగే వినపడింది.

వినాయకచవితి వెళ్ళాక ఓ సంత రోజున సుక్రి మామ్మ ఉప్పు కోసం వచ్చి, అమ్మని చూసింది. ఉప్పు అక్కడే వదిలేసి పక్కన చతికిలబడింది. తన మోటు చెయ్యి అమ్మ నడినెత్తిన పెట్టి కాసేపు ఉంచింది. లేచి కొండెక్కి, ఆకులో ఏదో కట్టుకుని దిగొచ్చింది. వంకరటింకర వేరు, చిటికెనవేలంత. సానరాయి మీద నీళ్ళు చుక్క చుక్క వేస్తూ అరగదీసి, చింతపిక్కంత ముద్ద అమ్మ నాలిక మీద పెట్టింది. అమ్మ మొహం చేదుకి ముడుచుకుపోయింది. ఇన్నాళ్ళలో ఆ మొహంలో కదలిక అదే మొదలు.

మధ్యాన్నానికి అమ్మ గోనెసంచుల మీద ఒరిగి నిద్రపోయింది. అలాంటి నిద్ర నేను చూళ్ళేదు. గుర్రు పెడితే పెంకులు లేచి మళ్ళీ సర్దుకున్నాయి. ఇది ఊదిందే, తీసేసుకోండి. మరీ కదలకపోయేసరికి నాన్న భయపడిపోయి, ఊపిరాడుతోందో లేదో చూడ్డానికి కొట్లోంచి అద్దం తెచ్చి ముక్కు దగ్గర పెట్టాడు. అంత భయంలోనూ అమ్మకానికి పనికిరాని బీటల అద్దమే ఎంచి తెచ్చాడు. అద్దం మీద ఆవిరి పట్టింది. నాన్న ఆ అద్దం పట్టుకుని సంచుల మధ్య కూలబడి ఏడ్చాడు.

మర్నాడు తెల్లవారి అమ్మ లేచి, నన్ను చూసి, "అన్నం తిన్నావేటే?" అంది.

ఎన్నో వారాల తర్వాత అమ్మ నాతో అన్న మొదటి మాట అది.

ఆ వేరే పాతాళగంధి. సర్పగంధి అనేది పుస్తకాల పేరు. అప్పటికి మా కొట్టుకి ఏడాదికోసారి ఎవరో ఓ గుప్పెడు తెచ్చేవారు. ఎక్కడ దొరికిందంటే కొండవైపు గాల్లో చెయ్యి ఊపేవారు. అమ్మకి రోజు విడిచి రోజు సుక్రి మామ్మ ముద్ద పెడుతూ వచ్చింది. చలి మొదలయ్యేసరికి ఆవిడ దాచుకున్నది అయిపోయింది. కొత్తది తవ్వాలి. తవ్వాలంటే ఓ పద్ధతుంది: ఏ ఇంటి మనిషి ఆ వేరు తింటున్నారో, ఆ ఇంటివాళ్ళొకరు వచ్చి, తీసిన చోట విత్తనం పెట్టి మడమతో తొక్కాలి. అమ్మకి అంత శక్తి లేదు. నాన్న కొండెక్కితే ఆ బొజ్జ బరువుకి కొండ ఓ పక్కకి ఒరుగుతుంది. మిగిలింది నేను. అప్పుడు నాకు పదేళ్ళు.

తెల్లవారగానే బయల్దేరాం. నా లెక్కలో ఏడు కొండలు, పద్నాలుగు వాగులు. అసలు లెక్కలో ఒక కొండ, రెండు వాగులు. రైలుపట్టా పక్కనే కొంతదూరం నడిచి, మూడో సొరంగం నోటి దగ్గర పైకి తిరిగి, పెద్ద పెద్ద పనసచెట్లూ మద్దిచెట్లూ దాటి, కిందికి దిగితే లోవ. ఎండ దిగదు. మధ్యాన్నమైనా సంధ్యవేళలాగే ఉంటుంది. కాలేస్తే చీలమండ దాకా ఎండాకు, దానికింద నల్లటి మెత్తటి మన్ను, పిండితే నీళ్ళొచ్చేంత చెమ్మ. బండల సందుల్లోంచి కనపడని నీళ్ళ చప్పుడు. ఆ నీడలో, మోకాలెత్తున, ఓ కణుపుకి మూడేసి ఆకులతో, అక్కడొకటి ఇక్కడొకటి. చూసి నేను నీరుగారిపోయాను. మా అమ్మని లేపిన మొక్క కనీసం తాడిచెట్టంత ఉంటుందనుకున్నాను. ఇది మా పెరట్లో బంతిమొక్కంత కూడా లేదు. పైగా ఆకులు పండిపోయి సగం రాలాయి.

"పువ్వులేవీ మామ్మా?"

"ఎండల్లో పూత్తాదే. తెల్లటి పువ్వు, ఎర్రటి కాడ. ఇప్పుడు తొంగుంటాది."

మామ్మ నడుముకి చుట్టుకున్న తాడు విప్పింది. అడ్డతీగ నారతో పేనిన తాడు, నిండా ముడులు. ఒక్కో మొక్కకి ఒక్కో ముడి. ఏటా చలిలో వచ్చి చూసుకుంటుందట. కొత్త మొక్క లేస్తే కొత్త ముడి, ఒకటి చస్తే ఒక ముడి విప్పుతుంది. అంతకుముందు ఆవిడ తల్లి చేతిలో ఉండేదట ఆ తాడు. "నాకు కళ్ళు మసకేసినాయి. నువ్వు లెక్కెట్టే, నాను ముడులు తడుముతాను" అంది.

నేను లెక్కపెట్టాను. బండల వెనకా, పొదల కిందా, వాగు గట్టునా దూరి దూరి లెక్కపెట్టాను. ఒక్కోటి చెప్తుంటే మామ్మ వేళ్ళు ఒక్కో ముడి దాటాయి. నా నోట ముప్పై ఏడు వచ్చేసరికి ఆవిడ బొటనవేలు ఆఖరి ముడి మీద ఉంది.

"కన్ను మంచిదే నీకు" అంది. మామిడికాయ తర్వాత ఆవిడ నాతో అన్న మంచిమాట అదే.

మొన చెక్కిన కర్రతో ఒక్క మొక్క మొదట్లో పక్కగా తవ్వి, వేరులో ఓ పాయ కోసి, మిగతాది అలాగే ఉంచి మన్ను కప్పింది. చిన్న సొరకాయ బుర్రలోంచి రెండు నల్లటి గింజలు తీసి నా చేతిలో పోసింది. నేను పెట్టి, మడమతో తొక్కాను. "ఉండమ్మా" అంది ఆవిడ. నాతో కాదు, మొక్కతో. తిరిగొస్తుంటే దారిలో ఒక్కటే మాట చెప్పింది: "ఈ సోటు నీ కడుపులో ఉండాల. నోట్లోకి రాకూడదు."

దాదాపు నెల రోజులు ఉంచాను. నా జీవితంలో నేనో రహస్యాన్ని అంతకాలం మోసింది అదొక్కసారే. కడుపు ఉబ్బిపోయి గౌను బొత్తాలు తెగాయి.

పుష్యమాసంలో ఓ రోజున కిందనుంచి వేర్లు కొనే ఆసామి ఒకాయన జీపులో వచ్చాడు. తెల్లటి చొక్కా, మెడలో గొలుసు, మాటకి ముందు ఓ నవ్వు. నాన్న టీ పోశాడు. నేను అక్కడే సంచుల మీద కూచుని ఉన్నాను. ఆయన పాతాళగంధి గురించి అడిగాడు. కింద దానికి యమా గిరాకీ ఉందన్నాడు. నాన్న, మా ఆవిడకి ఓ ముసలమ్మ అదే పెడుతోందనీ, ఎక్కణ్ణించి తెస్తుందో తెలీదనీ అన్నాడు. ఆయన నవ్వేసి, "ఆ, ఏముంటాదండీ, ఎక్కడో రెండు మొక్కలు దాసుకునుంటాది ముసల్ది. దానికోసం ఎవుడు కొండెక్కుతాడు" అని గ్లాసు కింద పెట్టి లేచాడు.

లేచాడు. జీపు వైపు నడిచాడు. అక్కడితో అయిపోయేది.

"రెండేటి!" అన్నాను నేను. రెండంటే నాకు రోషం వచ్చింది. నా లోవని, మా అమ్మని లేపిన మొక్కని, రెండంటాడా! "రెండు కాదు. వెయ్యి. పదివేలు. కాలెట్టడానికి సోటు నేదు, మొక్క మీద మొక్క. ఎండల్లో పూత్తే కొండ కొండంతా ఎర్రగా మండిపోతాది, రైల్లోంచి సూసినా కనిపిత్తాది. నాకు నడుం దాకా వచ్చినాయి. వేరైతే ఒక్కోటి నా సెయ్యంత!"

ఆయన ఆగాడు. వెనక్కొచ్చి, నా ముందు గొంతుక్కూచుని, ఎంతో ముద్దుగా అడిగాడు. "ఎక్కడమ్మా?"

"మూడో సొరంగం కాడ" అన్నాను.

నాన్న నా వైపు చూశాడు. నా మాటలో మూడొంతులు తీసెయ్యాలని అందరికంటే బాగా తెలిసిన మనిషి ఆయన. "మా గుంట మాటలు నమ్మకండి బాబూ" అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. రోజుకి పదిసార్లు అనే ముక్కే అది. ఆ రోజు మాత్రం అనలేదు. టీగ్లాసు తీసి, కడిగి, బోర్లించాడు.

మూడోరోజున రెండు జీపుల్లో మనుషులు దిగారు, పలుగులూ పారలూ పట్టుకుని. పదివేల మొక్కలకి సరిపడా మనుషులు. సంచులు మా కొట్లోవే తీసుకున్నారు. అక్కడ వాళ్ళకి దొరికినవి ముప్పై ఏడు. మనిషికి నాలుగైనా రాలేదు. ఇంకా ఉన్నాయి, ఆ పిల్ల పదివేలంది కదా, దాచేసుంటారు అనుకున్నారు. ఆకులు రాలిపోయిన కాలం, ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. మోకాలెత్తున కనపడిన ప్రతి మొదలూ పెకిలించారు. ఎండాకు ఎత్తిపోశారు. బండలు దొర్లించారు. నీడ అడ్డమని చిన్నచెట్లు నరికారు. రెండు రోజులు తవ్వారు. పారల చప్పుడు గట్టు మీదికి వినపడుతూనే ఉంది. రైలు వచ్చినప్పుడు మాత్రం వినపడలేదు.

దించిన సరుకు మా కొట్లో కాటా మీద పెడితే సంచిలో సగం కూడా లేదు. ఆసామి నా వైపు చూసి నవ్వలేదు. అమ్మ వెనకగది గుమ్మంలోంచి ఆ సంచిని చూసింది. లోపలికెళ్ళి, సానరాయి కడిగి, గోడకి చేరేసింది.

సుక్రి మామ్మ దగ్గరికి నేనే వెళ్ళాను. ఎందుకెళ్ళానో ఇప్పటికీ తెలీదు. తన గుడిసె అరుగు మీద కూచుని ఉంది. నోట్లో చుట్ట లేదు. ఒళ్ళో తాడు. ముడులు విప్పుతోంది. కొత్తవి తేలిగ్గా వచ్చేశాయి. పాతవి, ఆవిడ తల్లి వేసినవి, బిగిసిపోయి గోటికి లొంగడం లేదు. నోట్లో పెట్టుకుని ఉన్న రెండు పళ్ళతో పీకుతోంది. నేను నిలబడ్డాను. ఓ ముడి ఊడాక తలెత్తింది.

"అన్ని మొక్కలు నువ్వెప్పుడు సూసినావే గుంటా?" అంది.

తిట్టలేదు. నిజంగానే అడిగింది, తను చూడని మొక్కలు నేనెక్కడైనా చూశానేమోనన్నట్టు.

మళ్ళీ వానలొచ్చాయి. మన్నుని పట్టుకునే వేర్లు లేక, ఆ వాలు ఓ రోజు గట్టిగా కురిసిన వానకి జారి, మన్నూ బండలూ పనసచెట్లూ కలిసి వాగులోకి దిగిపోయాయి. ఎర్రటి నీళ్ళు మా ఇంటి ముందునించి వారం రోజులు పారాయి. కొండంతా ఎర్రగా కనిపిస్తుందని చెప్పానుగా, కనిపించింది.

తమ్ముడు పుట్టిన తిథి దగ్గరపడేసరికి అమ్మకి మళ్ళీ నిద్ర కరువైంది. సుక్రి మామ్మ ఆ వయసులో, ఆ వానలో, రెండు రోజులు కొండలన్నీ తిరిగింది. పాచిపెంట వైపు కొండల్లో ఉండే వాళ్ళకి కూడా కబురు పెట్టింది. వట్టిచేతుల్తో వచ్చి, మా గుమ్మంలో నిలబడి, అమ్మ నెత్తిన చెయ్యి పెట్టి, "నేదమ్మా" అంది. మందడిగితే ఆవిడ లేదనడం అంతకుముందు నేను వినలేదు. నాన్న కొట్టు కట్టేసి మమ్మల్ని పార్వతీపురం తీసుకొచ్చేశాడు. పెద్దాసుపత్రి, మాత్రలు. అమ్మ ఆ తర్వాత ముప్పై ఏళ్ళు బతికింది. మాట్లాడేది, వండేది, నా పెళ్ళిలో నవ్వింది. నిద్ర మాత్రం మాత్ర మింగిన నిద్రే. గోనెసంచుల మీద పడుకున్న ఆ మధ్యాన్నపు నిద్ర మళ్ళీ రాలేదు. నాన్న నన్ను ఏనాడూ ఏమీ అనలేదు, నేనూ ఆయన్ని అనలేదు. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూడకుండా బీటల అద్దంలో చూసుకున్నట్టు బతికేశాం.

నిరుడు మావారూ నేనూ అరకు వెళ్తూ టైడాలో దిగాం. ఇప్పుడక్కడ చెక్క ఇళ్ళు, తాళ్ళ వంతెనలు, సెల్ఫీలు తీసుకోడానికి గుండె బొమ్మ. మా కొట్టున్న చోట బొంగులో చికెన్ అమ్ముతున్నారు. అమ్మే ఆవిడ నాకంటే బాగా పెద్దది. చుట్ట అడ్డపొగ పెట్టుకుని ఉంది. ఆ దవడ చూసి గుర్తుపట్టాను, సుక్రి మామ్మ కూతురు. నేనెవరో చెప్పాను.

"ఆ సావుకారి గుంటవేటి నువ్వు!" అని బొంగు పక్కన పెట్టి, నన్ను లోవలోకి తీసుకెళ్ళింది. నీడ లేదు. జారిన వాలు మీద మనిషెత్తు లాంటానా కంప. కింద మన్ను గట్టిగా, పొడిగా, కాలికి గుచ్చుకుంటూ ఉంది. నీళ్ళ చప్పుడు లేదు. నేను సిగ్గు లేకుండా బండల వెనకా, పొదల కిందా దూరి దూరి వెతికాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆవిడ అవతల నిలబడి చుట్ట కాలుస్తూ చూసింది.

"మా యమ్మ నీ మాట సెప్పీది" అంది.

నేను కంపలోంచి బైటికొచ్చాను. "ఏటని?"

"సావుకారి గుంటకి నోరు పెద్దది గానీ, కన్ను మంచిదే అనీది. ఆ ఏడు ఒక్క మొక్క తప్పకుండా లెక్కెట్టినాదని, పోయీదాకా సెప్పీది."

సీసా మూత పెట్టి అలమారలో వెనక్కి నెట్టేశాను. ఆడపడుచు ఫోను చేస్తే వాడుతున్నాననే చెప్పాను. పాదరసం ఒక్కరోజులో పాతాళానికి దిగిపోయిందని చెప్పాను. ఆవిడ మూడొంతులు తీసేసుకునే ఉంటుంది.

మీరూ పైన చెప్పినవాటిలో ఎంత కావాలంటే అంత తీసేసుకోండి. జలగల్ని వానపాములు చెయ్యండి, ఏడు కొండల్ని ఒక గుట్ట చెయ్యండి, మా నాన్న బొజ్జని కూడా తగ్గించుకోండి. మొక్కలు మాత్రం ముప్పై ఏడు. అందులో ఒక్కటి కూడా తీసెయ్యకండి. అన్నీ నేనెప్పుడో తీసేశాను.